ఆరుగురు నాటిన అడవి

రియో డి జనైరో నగరానికి మేము వెళ్ళినది విహారం కోసం కాదు. ఉద్యోగరీత్యా అక్కడ ఉంటున్న మా అల్లుడి ఇంట మా అమ్మాయికి రెండవ కాన్పు అయినది. పసిబిడ్డను చూడాలని మా ఇల్లాలు పట్టుబట్టగా మదర్సా సెలవులలో బయలుదేరినాము. ఒక ఆదివారం ఉదయం పదేళ్ళ పెద్ద మనుమడు మా చేయి పట్టుకొని, “నానాజాన్, మా ఊళ్ళో అడవి ఉంది. అందులో జలపాతం కూడా ఉంది, పదండి” అన్నాడు. అంత మహానగరంలో అడవి ఏమిటని నవ్వి ఊరుకోబోయినాము. వాడు ఊరుకోలేదు.

వాడు చెప్పినది నిజమే. టిజుకా జాతీయ ఉద్యానం దాదాపు 4 వేల హెక్టార్ల అడవి. దాని నలువైపులా నగరమే. ఆల్టో ద బోవా విస్టా అనే ఎత్తైన పేట వరకు కారు మెలికలు తిరుగుతూ ఎక్కింది. అడవి ద్వారం దాటి కొద్ది దూరం పోగానే ఎండ మాయమై, చెవులలో నీటి హోరు నిండింది.

ఆ జలపాతం పేరు కస్కచీన్యా టోనే. కస్కచీన్యా అంటే చిన్న జలపాతమని అర్థం. ఎత్తు సుమారు 35 మీటర్లు. తలకోన చూచినవారికి ఇది పెద్దదిగా తోచదు. అయినా దాని అందం ఎత్తులో లేదు. నల్లని బండ మీదుగా నీరు దూకదు, జారుతుంది. పైన సన్నని పాయగా మొదలై, బండ వంపులను ఆనుకొని తెల్లగా విచ్చుకుంటూ క్రిందికి దిగుతుంది. చెట్ల ఆకుల నుండి తుంపర రాలుతుంటే వాన పడుతున్నదేమోనని మా ఇల్లాలు పైట తల మీదికి లాక్కున్నది. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

టోనే అనేది ఒక ఫ్రెంచి చిత్రకారుని ఇంటిపేరు. నికొలా ఆంటువాన్ టోనే 1816లో ఫ్రాన్సు నుండి వచ్చిన కళాకారుల బృందంలో ఒకడు. ఈ నీటి ప్రక్కనే ఇల్లు కట్టుకొని, 1821లో స్వదేశానికి తిరిగి వెళ్ళిపోయాడు. ఐదేళ్ళ నివాసం, రెండు శతాబ్దాల పేరు!

ఆ కాలంలోనే ఈ కొండల మీద కాఫీ పెరగడం మొదలైనది. కాఫీకి ధర ఉన్నది, కొండకు కాపలా లేదు. తోటల కోసం చెట్లు నరికినారు. వేళ్ళ పట్టు పోయిన మట్టి వానలకు కొట్టుకుపోయినది. వాన నీటిని ఆపి నెమ్మదిగా వాగులకు వదిలే నేల లేకపోవడంతో వాగులు సన్నబడినవి. నగరం త్రాగేది ఆ నీళ్ళే. 1750 నాటికి పూర్తయిన పెద్ద రాతి కాలువ ద్వారా నగరానికి నీరిచ్చిన కరియోకా నది పుట్టుక కూడా ఈ కొండలలోనే. కరువులు వచ్చి, రాజధానిలో నీటి కటకట ఏర్పడిన తరువాత గాని పాలకులకు అడవి గుర్తు రాలేదు. తోటల భూములను ప్రభుత్వం తిరిగి తీసుకొన్నది. 1861లో, చక్రవర్తి రెండవ పెద్రో ఏలుబడిలో, అడవిని మళ్ళీ నాటాలని ఆజ్ఞ వెలువడినది. ఆ బాధ్యత మేజర్ మనుయెల్ గోమిస్ ఆర్షేర్‌కు అప్పగించినారు.

చరిత్ర పుస్తకాలలో నాటినవాడు ఆర్షేరే. అయితే గుంతలు త్రవ్విన చేతులు వేరు. ఆరుగురు బానిసలతో ఆ పని మొదలైనది. మనుమడు బడిలో నేర్చుకొన్న ఆ పేర్లను వ్రేళ్ళ మీద లెక్కపెడుతూ చెప్పినాడు: ఎలియుతేరియో, కొన్‌స్తాంతీనో, మనుయెల్, మతేవుస్, లియోపోల్డో, మరియా. మిగిలిన అడవి తునకల నుండి, గ్వారాచీబాలోని ఆర్షేర్ పొలం నుండి మొక్కలు తెచ్చి, నిటారు కొండవాలుల మీదికి మోసి, నాటి, చచ్చిన చోట మళ్ళీ నాటినారు. తరువాత మరికొందరు పనివారు వచ్చి చేరినారు. 13 ఏళ్ళలో లక్ష మొక్కల వరకు నాటినారని చెబుతారు. ఆ వాలులను చూచినప్పుడే, ఉత్త చేతులతో నడవడానికే మాకు ఆయాసం వచ్చినది. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయినది 1888లో, మొదటి మొక్క నాటమన్న ఆజ్ఞ వెలువడిన 27 ఏళ్ళకు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేము. ఆ మొక్కలు వేళ్ళూనుకుంటున్న రోజులలోనే, 1866లో, దారి తప్పిన ఒక ఉస్మానియా ఓడ రియో రేవుకు వచ్చినది. అందులో ఇమాము అబ్దుర్రహ్మాన్ అల్ బగ్దాదీ ఉన్నారు. రేవులో ఆఫ్రికా సంతతివారు సలాము చెబుతూ ఓడ మీదికి వస్తే ఆయన ఆశ్చర్యపోయినారు. ధర్మం దాచుకొని బ్రతుకుతున్న వారికి చదువు చెప్పడానికి ఓడను వదలి, సుమారు మూడేళ్ళు ఆ దేశంలో ఉండిపోయినారు. ఆ ప్రయాణ గ్రంథాన్ని అరబీలో వ్రాసినారు. బానిసల మీద యజమానులు పెట్టిన పేర్ల వెనుక ఎన్ని పాత పేర్లు అణగి ఉండేవో ఆ వృత్తాంతం వలన ఊహించవచ్చు.

కాలిబాట వెంట ఒక మలుపులో మా ఇల్లాలు టక్కున ఆగి, “పనస!” అన్నది. మానుకు వ్రేలాడుతున్న కాయలను చూచి పుట్టింటివారు ఎదురైనంత సంబరపడినది. పోర్చుగీసువారు మన దేశం నుండి తెచ్చిన చెట్టు అది. ఇప్పుడది అడవిని ఆక్రమిస్తూ, ఇక్కడి చెట్లకు చోటు లేకుండా చేస్తున్నదని, ఉద్యానం వారు దానిని తగ్గించే ప్రయత్నంలో ఉన్నారని మా అల్లుడు చెప్పినాడు. “మన పనసకే ఇంత చెడ్డపేరా?” అని ఆమె చిన్నబుచ్చుకున్నది. గింజలను నేలలో పూడ్చి దాచుకొనే అగూటి అనే జంతువు ఒకటి ఉన్నది, కుందేలంత ఉంటుంది. ఈ అడవిలో అంతరించిన దానిని 2010 నుండి మళ్ళీ తెచ్చి వదిలినారట. అడవి పెంచడానికి మనుషులు మాత్రమే చాలరన్నమాట.

తిరుగుదారిలో మనుమడు, “మీ మదర్సాలో ఏ చెట్లున్నాయి?” అని అడిగినాడు. రెండు వేపచెట్లు ఉండేవి. నాలుగేళ్ళ క్రితం కొత్త గదుల కోసం వాటిని కొట్టించినది మేమే. పిల్లలు ఆ నీడన కూర్చొని పాఠం వల్లించేవారు. ఇప్పుడు గదిలో పంకాలు తిరుగుతున్నవి, మధ్యాహ్నం కరెంటు పోతే పిల్లలు పుస్తకాలతో విసురుకొంటారు. వాడికి అంతా చెప్పినాము. “మళ్ళీ నాటలేదా?” అన్నాడు. లేదన్నాము.

నేడు రియోకు ఎక్కువ నీరు గ్వాండూ నది నుండి వస్తున్నదని అల్లుడు అన్నాడు. జలపాతం నీటితో నగరానికి మునుపటి అవసరం లేదు. అయినా అది పారుతూనే ఉన్నది.

కారులో ఆ ఆరు పేర్లు మాకు మళ్ళీ చెప్పమన్నాము. ముప్పై ఏళ్ళుగా పిల్లల ఉచ్చారణ దిద్దుతున్న మా నాలుకను ఆ పూట మనుమడు దిద్దినాడు. ‘ఎలియుతేరియో’ నాలుగు సార్లకు గాని రాలేదు. చివరి పేరును మాత్రం మా ఇల్లాలు మొదటిసారే అందుకొని, “ఇది మన మర్యం పేరే కదా!” అన్నది.