ఎవరి కళ్ళకు వారి కొలత

కళ్ళజోడు చేయించుకోవడానికి వెళ్తే రెండు కంటిపాపల మధ్య దూరం కొలుస్తారు. పెద్దవాళ్ళలో అది సగటున 63 మిల్లీమీటర్లు. 55 దగ్గర ఉండేవాళ్ళూ ఉంటారు, 70 దాటేవాళ్ళూ ఉంటారు. చీటీ మీద చూసి మరిచిపోయే ఆ అంకే ఆగ్మెంటెడ్ రియాలిటీ హెడ్‌సెట్‌కి అన్నిటికన్నా ముందు కావాలి.

ఎదుట లేని బొమ్మను ఉన్నట్టు చూపించాలంటే ఒక్కో కంటికి ఒక్కో చిత్రం పంపాలి. ఆ రెంటి తేడాను బట్టే మెదడు దూరం అంచనా కడుతుంది. అర మీటరులో కనపడాల్సిన బొమ్మను 63 మిల్లీమీటర్ల లెక్కన గీస్తే, 60 ఉన్న మనిషికి అది రమారమి 2 సెంటీమీటర్లు దగ్గరికి జరిగినట్టుంటుంది. ఆటలో ఫరవాలేదు గానీ, బోల్టు ఎక్కడ బిగించాలో చూపించే పనిలో అది పెద్ద తప్పే. 1990ల మొదట్లో సియాటిల్‌లోని బోయింగ్‌లో టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ ఆగ్మెంటెడ్ రియాలిటీని తలపెట్టింది విమానాల వైర్లు అమర్చే పనివాళ్ళ కోసమే. గీసిన గీత సరైన చోట పడాలన్న చిక్కు అప్పటినుంచీ ఉన్నదే.

2024 ఫిబ్రవరిలో అమెరికా మార్కెట్లోకి వచ్చిన యాపిల్ విజన్ ప్రోలో, పైనున్న గుండ్రటి మీట నొక్కి పట్టుకుంటే లోపలి మోటార్లు కటకాలను మన కళ్ళకు ఎదురుగా జరుపుతాయి. తర్వాత చేతులు చాచి చూపించాలి. ఆపైన వలయంగా చుక్కలు వస్తాయి. ఒక్కో చుక్కనే చూస్తూ బొటనవేలూ చూపుడువేలూ కలపాలి. ఇదే మూడుసార్లు, ప్రతిసారీ వెలుతురు పెరుగుతూ. వెలుతురుకి కంటిపాప కుంచించుకుంటుంది, దాని కేంద్రమూ కాస్త జరుగుతుంది. చూపు ఎటుందో కచ్చితంగా పట్టాలంటే యంత్రానికి ఆ తేడా తెలియాలి. కంటి మేకప్ దట్టంగా ఉన్నా, జుట్టు అడ్డొచ్చినా ఈ పట్టు తప్పవచ్చు. మెటా క్వెస్ట్ 3లో చూపును పట్టే ఏర్పాటు లేదు, చక్రం తిప్పి కటకాల దూరం మనమే సరిచూసుకోవాలి.

విదేశాల్లోని మన ఇళ్ళలో జరిగేది వేరు. ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే మన పిల్లలు తాము వాడే హెడ్‌సెట్‌ని అలాగే తెచ్చి వాళ్ళ తలకు తగిలిస్తారు. కాసేపటికే తల తిరుగుతుంది. "ఇవన్నీ మాకెందుకులేరా" అని తీసి పక్కన పెట్టేస్తారు. అది వాళ్ళ వయసు తప్పు కాదు. వాళ్ళు చూసింది మనవడి కళ్ళకు కుదిర్చిన బొమ్మను.

విజన్ ప్రోలో ముందు గెస్ట్ మోడ్ పెట్టండి. మనవడి పవర్ కటకాలుంటే తీసేయండి, అవి అయస్కాంతంతో అతుక్కుని ఉంటాయి, తేలిగ్గా ఊడి వస్తాయి. పెద్దవాళ్ళు మామూలు కళ్ళజోడు పెట్టుకుని దాన్ని వాడలేరు. చత్వారానికీ, డాక్టరు రాసిచ్చిన పవర్‌కీ కటకాలు విడిగా దొరుకుతాయి, తరచూ వాడేవాళ్ళయితే ఆ ఖర్చు పెట్టాల్సిందే. మెల్లకన్ను ఉన్నా, ఒక కంటికి చూపు తక్కువైనా యాక్సెసిబిలిటీ సెట్టింగులలో ఒక్క కంటినే అనుసరించమని చెప్పొచ్చు. అదీ కుదరకపోతే చూపుకి బదులు తల కదలికతోనో చూపుడువేలితోనో నడపొచ్చు.

చూసిన బటన్ కాకుండా పక్కది వెలుగుతోందంటే కొలత చెదిరినట్టే. పట్టీ సర్ది, గుండ్రటి మీట కాక పైనున్న రెండో బటన్‌ను గబగబా నాలుగుసార్లు నొక్కితే చుక్కల పరీక్ష మళ్ళీ మొదలవుతుంది. ఆ కాసేపూ వాళ్ళ పక్కనే కూర్చుని, తెలుగులో ఒక్కొక్కటే చెప్పండి.