నవజాత శిశువులు – ఆసుపత్రి సంరక్షణ

బిడ్డ పుట్టెనను సంతోషము తీరకమునుపే, ఆ బిడ్డను తల్లి ప్రక్కనుండి తీసికొని వేఱుగదిలో నుంచిరని తెలిసినచో ఇంటివారు కలవరపడుదురు. "గాజుపెట్టెలో పెట్టినారట" అను మాట చెవిని పడినంతనే అమ్మమ్మలు కంటతడి పెట్టుకొందురు. అందులకు కారణములేవో, ఫలితమెట్లుండునో తెలిసికొన్నచో భయము తగ్గును. చేయవలసిన పనియు సకాలమున జరుగును.

పుట్టినది మొదలు 28 దినములవరకు బిడ్డను నవజాత శిశువందురు. 2022వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 23 లక్షలమంది శిశువులు ఈ గడువు దాటకయే మరణించిరి. అందు ముప్పాతికవంతు మరణములు మొదటి వారములోనివే.

శిశువులను ప్రత్యేక విభాగమున చేర్చుటకు ముఖ్యకారణములు నాలుగు.

మొదటిది నెలలు నిండకుండ పుట్టుట, లేక బరువు తక్కువగుట. 37 వారములు నిండనివారును, 2,500 గ్రాములకు తక్కువ తూగువారును ఈ కోవకు చెందుదురు. వీరి చర్మము క్రింద క్రొవ్వు చాలదు కావున ఒంటివేడి నిలువదు. కొందఱికి పాలు చప్పరించి మ్రింగు నేర్పుండదు. ఊపిరితిత్తులలోని గాలిగదులు ముడుచుకొని పోకుండ కాపాడు పదార్థమొకటి కలదు. అదియు వీరికి చాలకపోవచ్చును. ఈ సంగతిని 1959లో అమెరికా వైద్యురాలు మేరీ ఎలెన్ ఏవరీ, జియర్ మీడ్ అను శాస్త్రజ్ఞునితో కలిసి వెల్లడించెను. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు ఐదున్నర వారములు ముందుగా పుట్టి, ఈ లోపముచేతనే రెండుదినములలో మరణించెను. 1980లో జపాను వైద్యుడు ఫుజివారా ఆ పదార్థమును శిశువుల ఊపిరితిత్తులలోనికి పంపి సత్ఫలితము పొందెను. నాడు అధ్యక్షుని బిడ్డకు దొరకని మందు నేడు మన ఆసుపత్రులలోను వాడుకలో నున్నది.

రెండవది పుట్టగనే ఊపిరి పీల్చక, ఏడ్వకపోవుట. ప్రాణవాయువు అందనిచో మెదడు దెబ్బతినును. మూడవది రక్తమునకు సోకు క్రిమిదోషము.

నాల్గవది కామెర్లు. 1956లో ఇంగ్లండునందలి రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అను నర్సు శిశువులను ఎండకు తీసికొనిపోవుచుండెను. ఎండ తగిలినచోట ఒంటి పసుపు తగ్గినట్లును, దుప్పటి కప్పినచోట తగ్గనట్లును కనుగొనిరి. నేటి నీలికాంతి చికిత్సకు అదియే మూలము. అయినను కామెర్లు ముదిరిన బిడ్డను ఇంటియెండలో పెట్టిన చాలునని తలంపరాదు.

బరువు తక్కువగు బిడ్డకు తల్లి ఱొమ్మును గొప్ప ఔషధమే. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున గాజుపెట్టెలు చాలక, బిడ్డలను తల్లిగుండెలకు నేరుగా ఆనించి పెంచిరి. ఢిల్లీతోసహా ఐదుచోట్ల జరిగిన పరిశోధన 2021లో ప్రకటింపబడెను. పుట్టిన వెంటనే ఈ పద్ధతి నారంభించిన శిశువులలో మరణములు నూటికి 15.7 నుండి 12కు తగ్గెనని తేలినది.

మన దేశమున వేయి జననములకు నవజాత మరణములు 2011లో 31 కాగా, 2020లో 20కి దిగెను. చేరిన బిడ్డలలో అత్యధికులు కోలుకొని ఇంటికి వత్తురు. ఎంత త్వరగా చేర్చిన అంత మేలు. పాలు త్రాగకపోవుట, ఒళ్లు చల్లబడుట లేక కాగుట, ఎగశ్వాస, మూర్ఛ, అరచేతులు అరికాళ్లు పచ్చబడుట కనిపించినచో ఒక్క గడియయు ఆలసింపరాదు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ చికిత్సయు, ప్రయాణవాహనమును ఉచితముగ లభించు పథకము 2011లో ఏర్పడినది.

ఇంటికి వచ్చుటతో పని ముగియదు. మిక్కిలి ముందుగా పుట్టినవారికి కంటి వెనుకనున్న పొర చెడి, చూపు పోవచ్చును. పుట్టిన నెలలోపల కంటిపరీక్ష జరిగినచో దానిని కాపాడవచ్చును. ఆ తేదీని ఆసుపత్రి చీటిలో వ్రాసియిత్తురు.

విద్యార్థులారా! మన యిండ్లలో తెలుగుదప్ప వేఱుభాష చదువరాని తల్లులు, అమ్మమ్మలు కలరు. ఆ చీటి వారికి తెలియని లిపిలో నుండవచ్చును. మీరు బడిలో ఈ రాష్ట్రభాషను గూడ నేర్చుచున్నారు. పొరుగింట బిడ్డ ఆసుపత్రినుండి వచ్చినచో ఆ చీటిని అడిగి చదివి, తేదీని తెలుగున వ్రాసి గోడకు అంటింపుడు. మీ చదువువలన ఒక బిడ్డకు చూపు దక్కవచ్చును.