బడి బస్సుకు రెండో కాపురం

అమెరికాలో స్కూలు బస్సుకు కూడా రిటైర్మెంటు వయసు ఉంటుంది. చాలాచోట్ల 12 నుంచి 15 ఏళ్లు నడిచాక ఇక పిల్లల్ని ఎక్కించరు. డీజిల్ ఇంజనులో అప్పటికి ఇంకా బోలెడు ఓపిక మిగిలే ఉంటుంది. కొత్తగా కొంటే లక్ష డాలర్లు దాటే బండి, వేలంపాటలో నాలుగైదు వేలకే దొరికిపోతుంది. గిడ్డంగుల్లో గంటల లెక్కన పనిచేసేవాళ్లు, హోటళ్లలో వడ్డించేవాళ్లు, బడిపంతుళ్లు దాన్ని కొని, సెలవు రోజుల్లో తామే రంపం, డ్రిల్లు పట్టి ఇల్లుగా మార్చుకుంటారు. ఇలాంటి బస్సుని అక్కడ ‘స్కూలీ’ అంటారు. దీన్ని హిప్పీల సరదాగా చెప్పుకోవడం అలవాటైపోయింది కానీ, తరచి చూస్తే ఇది మొదట్నుంచీ సంసారుల వ్యవహారమే.

హిప్పీ బస్సుల్లోకెల్లా పేరుమోసిన ‘ఫర్దర్’ సంగతే చూడండి. 1964లో రచయిత కెన్ కీసీ తన మిత్రబృందంతో కాలిఫోర్నియా నుంచి న్యూయార్క్ దాకా నడిపించిన రంగురంగుల బస్సు అది. 1939 నాటి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ స్కూలు బస్సు. కీసీ కొనేనాటికే అందులో పడకలు, వంటకు ఏర్పాటు ఉన్నాయి. పిల్లలు ఎక్కువున్న ఓ గృహస్థు తన కుటుంబంతో తిరగడానికి వాటిని అమర్చుకున్నాడు. చెక్కపని ఆయనది, చరిత్రలో పేరు కీసీది!

అమెరికా స్కూలు బస్సుల పసుపు రంగు 1939 ఏప్రిల్‌లో ఖాయమైంది. కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు ఓ సమావేశం పెట్టి, స్కూలు బస్సులకు 44 ప్రమాణాలు రాయించాడు. వేకువ మసక వెలుతురులోనూ ఆ రంగు మీద నల్లటి అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయని దాన్ని ఎంచుకున్నారు. బస్సు సొంత ఇల్లుగా మారిందంటే చాలా రాష్ట్రాల్లో ముందు ఆ రంగే పోవాలి. పక్కన తెరుచుకునే ‘స్టాప్’ పలక, ఎర్రదీపాలు కూడా తీసేయాలి. పెయింటింగ్ షెడ్డుకి ఇచ్చుకునేంత డబ్బు లేనివాళ్లు రోలరు పట్టుకుని తామే వేసుకుంటారు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. దగ్గరికెళ్లి చూడమని ఎవరూ అడగరు.

అసలు చాకిరీ సీట్ల దగ్గర మొదలవుతుంది. సీటు కాళ్ల బోల్టులు నేలరేకులోంచి దిగి బస్సు కింద నట్టుతో బిగిసి ఉంటాయి. ఏళ్ల తరబడి వానలకీ, మంచు కరిగేందుకు రోడ్డు మీద చల్లే ఉప్పుకీ తుప్పు పట్టి ఉంటాయి. పైన బోల్టు తిప్పితే కింద నట్టు కూడా తిరుగుతుంది. కాబట్టి పైనొకరు, బస్సు కింద వెల్లకిలా పడుకుని మరొకరు ఉండాలి. ఒంటరివాడికి యాంగిల్ గ్రైండరే దిక్కు, తలలు కోసేయడమే. సీట్లన్నీ బయటికి చేరాక నేలంతా చిల్లులు. ఇక్కడే నాకు బాగా నచ్చిన కిటుకు ఉంది. ఒక్కో చిల్లు మీద ఒక్కో సెంటు నాణెం పెట్టి సీలెంటుతో అతికించేస్తారు. నాణెం వెడల్పు 19 మిల్లీమీటర్లు, చిల్లుకి సరిగ్గా మూత. 1982 తర్వాతి సెంట్లు లోపల జింకు, పైన రాగి పూత కాబట్టి ఇనుములా తుప్పూ పట్టవు. కొట్లో వాషరు కొనాలన్నా ఒక సెంటుకి రాదు.

కొన్న కొత్తలో చాలామందిని కంగారు పెట్టేది బస్సు గోల. ఇంజను ఆపగానే బజరు మోగుతుంది. ఎన్ని స్విచ్చులు నొక్కినా ఊరుకోదు. వెనక సీటు దాకా నడిచి వెళ్లి అక్కడున్న బటన్ నొక్కాలి. నిద్రపోయిన పిల్లవాడెవరైనా బస్సులో ఉండిపోయాడేమో డ్రైవరు చూసి తీరాలని పెట్టిన ఏర్పాటు అది. ఇంకొన్ని బస్సుల్లో వెనక అత్యవసర ద్వారానికి లోపల గడియ పడి ఉంటే ఇంజను స్టార్టే అవదు. బ్యాటరీ పోయిందనుకుని మెకానిక్కుని పిలిస్తే, ఆయన వచ్చి గడియ తీసి పైకం పుచ్చుకుని వెళ్తాడు.

పైకప్పు కింది ఉక్కు పక్కటెముకలు బస్సు పల్టీ కొట్టినా పిల్లలు నలిగిపోకుండా ఉండేలా వంచినవి. కంపెనీవాళ్లు అమ్మే చాలా క్యాంపర్లకు అంతటి అస్థిపంజరం ఉండదు. కాకపోతే లోపల ఎత్తు సుమారు ఆరడుగులే. కప్పుకీ నేలకీ వేడి, చలి ఆపే పలకలు వేస్తే రెండు మూడు అంగుళాలు అందులో పోతాయి. ఆజానుబాహువులు కిటికీల మట్టంలో నిలువు కమ్మీలు కోసి, కప్పుని జాకీలతో లేపి, మధ్యలో ఉక్కు ముక్కలు వెల్డింగ్ చేసుకుంటారు.

మైలేజీ లీటరుకు మూడున్నర, నాలుగు కిలోమీటర్లు. అందుకే చాలా స్కూలీలు తిరిగేది తక్కువ, ఆగి ఉండేదే ఎక్కువ. పని ఉన్నచోటికి వెళ్లి ఆగుతాయి. శరత్కాలంలో మినసోటా, నార్త్ డకోటా సరిహద్దులో చక్కెర దుంపల కోతకు, వేసవిలో అటవీశాఖ శిబిరాల కాపలాకి. రెండో పనిలో జీతం అంతంతమాత్రమే, బండి నిలుపుకునే చోటు మాత్రం ఉచితం. 2017లో జెసికా బ్రూడర్ రాసిన ‘నోమాడ్‌లాండ్’ ఇలాంటి చక్రాల కూలీల కథే. దాని మీద తీసిన సినిమాకి 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

 

హిప్పీలు బస్సెక్కినా చివరికి సంసారమే చేశారు. వాళ్ల గురువు స్టీఫెన్ గాస్కిన్ వెంట శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పాత స్కూలు బస్సుల వరసలో బయల్దేరిన వందలమంది 1971లో టెనెసీలో భూమి కొని ‘ది ఫార్మ్’ అనే ఊరు కట్టుకున్నారు. ఇళ్లు లేచేదాకా బస్సుల్లోనే కాపురాలు. దారిలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం పార్కింగులో ఆగిన బస్సులో ఒకామెకు నొప్పులొచ్చాయి. ఆ పురుడు కళ్లారా చూసిన స్టీఫెన్ భార్య ఐనా మే ఆ తర్వాత మంత్రసాని విద్య నేర్చుకుని, అమెరికాలో ఇంటి ప్రసవాల ఉద్యమానికి పెద్దదిక్కైంది. 2011లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం అందుకుంది.

మనవైపు చక్రాల మీది కాపురం అనగానే గుర్తొచ్చేది ఎన్టీఆర్ చైతన్యరథం. 1982లో పాత షెవర్లే వ్యానుని మార్పించి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా చుట్టారు. పడక అందులోనే, స్నానం రోడ్డు పక్కనే.

ఈ రోజుల్లో ఆర్టీసీ వేలంలో బస్సు పాడుకుని అలాగే మార్చేద్దామంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అడ్డొస్తాయి. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ ఆర్టీసీకి ఈ తంటా లేదు, ఎందుకంటే అలా మార్చిన బస్సుల్ని అది అసలు కదిలించదు. 2020లో మున్నార్ డిపోలో పాత బస్సులకు పడకలు వేయించి పర్యాటకులకు రాత్రి బసకు ఇచ్చింది. అప్పట్లో పడకకు వంద రూపాయలు.