కట్టు కట్టించుకొనుటకు ముందు



మా మందమర్రి బొగ్గుబావుల నాశ్రయించి బ్రతుకు పట్టణము. బావిలో బండ జారి కాలు నలిగినవారును, బరువెత్తి నడుము పట్టుకొన్నవారును ప్రతి వాడలోను గలరు. కంపెనీ నౌకరుల కుటుంబములకు రామకృష్ణాపురమున కంపెనీ ఆసుపత్రి యున్నది. ఐనను చేయి బెణికినను విరిగినను "కట్టు కట్టించిన చాలు" నను మాటయే మన యిండ్లలో ముందుగా వినబడును. తిరుపతికి చేరువనున్న పుత్తూరు పేరు ఈ కట్లవలననే తెలుగునాట నంతట ప్రసిద్ధమైనది. "పుత్తూరు కట్టు" అను పలక వ్రేలాడని పట్టణ మరుదు. ఈ విద్యను నిందించుటకు నేను కలము పట్టలేదు. దానిని నమ్మి పోవువారు తెలిసికొని పోవలెనని మాత్రమే నా మనవి.

మూడేండ్ల క్రిందట మా రెండవ కుమారుడు జామచెట్టుపైనుండి పడెను. మోచేయి వాచెను. మా వారు బడిలో నుండిరి. నేనును మా అత్తగారును ఇరుగుపొరుగువారు చెప్పిన యొక కట్టువైద్యునియొద్దకు బిడ్డను గొనిపోతిమి. ఆయన చేయి తడిమి, లాగి, పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టి పంపెను. రాత్రి తొమ్మిది గంటలకు బిడ్డ యేడ్పు హెచ్చెను. "కట్టిన చేయి నొప్పి పుట్టక మానునా? ఓర్చుకో నాయనా" అని అత్తగారు బుజ్జగించిరి. నేను దీపము దగ్గరకు దెచ్చి చూడగా వ్రేళ్లు ఉబ్బి, చల్లబడి, నీలివన్నె దాల్చి యుండెను. ఒక వ్రేలిని మెల్లగా చాచినంతనే బిడ్డ కెవ్వున నరచెను. అత్తగారు దీపము పట్టుకొనగా నేను కత్తెరతో కట్టునంతయు కోసితిని. ఆ రాత్రియే ఆసుపత్రికి బోతిమి. మోచేతిపై యెముక విరిగి తొలగినదని ఎక్సురేలో తేలెను. తెల్లవారుదాక నోర్చినచో చేయి పనికిరాకుండ పోయెడిదని డాక్టరుగారు చెప్పిరి. నేడు వాడు ఆ చేతితోనే వ్రాయుచున్నాడు. ఆ రాత్రి తలపునకు వచ్చినపుడెల్ల నా గుండె జల్లుమనును.

చిన్ననాట మా తండ్రిగారు నాచేత సుశ్రుతసంహితలోని కొంత భాగము చదివించిరి. అందు నిదానస్థానమున పదునైదవ యధ్యాయమున కీళ్లు తొలగుట 6 విధములనియు, ఎముక విరుగుట 12 విధములనియు చెప్పబడినది. చికిత్సాస్థానమున మూడవ యధ్యాయమున కట్టు వదులైనచో ఎముక నిలువదనియు, బిగువైనచో వాపు, నొప్పి, పాకము కలుగుననియు గలదు. కట్టును చలికాలమున 7 దినములకు, సమశీతోష్ణకాలమున 5 దినములకు, వేసవిని 3 దినములకు విప్పి మరల కట్టవలెనట. బిగించిన కట్టును చూడక విడుచుట మన పూర్వుల మతము గాదని దీనివలన తెలియుచున్నది. 1881లో జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు ఫోల్క్‌మన్ ఈ ప్రమాదమునే వివరించెను. బిగువుచే రక్తము నిలిచిన కండరములు కొన్ని గంటలలోనే చచ్చును. పిదప వ్రేళ్లు కొంకరవోవును. ఆ చేయి మరల మునుపటివలె నగుట దుర్లభము. ఆసుపత్రిలో వేయు సిమెంటుకట్టునకును ఇదే న్యాయము.

కాన పోవుటకు ముందు కొన్ని సంగతు లెరుగవలెను. మొదట ఎక్సురే తీయింపవలెను. బెణుకో, విరుగుడో, కీలు తొలగుటయో పైకి తడిమిన చేతికి నిశ్చయముగా తెలియదు. చర్మము చీలి యెముక కానవచ్చినను, వ్రేళ్లకు స్పర్శ లేకున్నను, పసిపిల్లల మోచేయి వాచినను, ముసలివారి తుంటి విరిగినను, తలకు గాని వెన్నునకు గాని దెబ్బ తగిలినను కట్టువైద్యుని మాట తలపెట్టక 108కి ఫోను చేసి ఆసుపత్రికే పోవలెను. వెన్నునకు దెబ్బ తగిలినవారిని కూర్చుండబెట్టరాదు. కదలింపక బల్లమీద పరుండబెట్టియే తరలింపవలెను.

కట్టు కట్టునపుడు వ్రేళ్లకొనలు పైకి కనబడునట్లు విడువుడని యడుగుటకు సంకోచింపవలదు. గాజులు, ఉంగరములు ముందే తీయవలెను. ఇంటికి వచ్చిన పిదప చేతిని దిండుపై గుండెకంటె ఎత్తుగా నుంచి, ఆ రాత్రి గంటకొకమారు వ్రేళ్లను చూడవలెను. తెల్లబారుట, నీలమగుట, చల్లబడుట, తిమ్మిరి, కదల్పలేకుండుట, క్షణక్షణము పెరుగు నొప్పి, వీనిలో నేది కానవచ్చినను తెల్లవారనిమ్మని యాగరాదు. కట్టును పూర్తిగా కోసి ఆసుపత్రికి పోవలెను. సిమెంటుకట్టైనచో అప్పుడే ఆసుపత్రికి పరుగెత్తవలెను. మగవారి బీడీ, చుట్ట యెముక యతుకుటను జాగు చేయునని వారికిని తెలుపుడు.

ఇక నడుమునొప్పి మాట. పట్టణములలో నిపుడు ఆస్టియోపతి యను చేతివైద్యము పేరును వినవచ్చుచున్నది. అమెరికావాసి యగు ఆండ్రూ టేలర్ స్టిల్ 1874లో దీనిని ప్రకటించి 1892లో పాఠశాల స్థాపించెను. ఆ దేశమున నీ విద్య నభ్యసించినవారు సంపూర్ణ వైద్యులే. ఇంగ్లండులో 1993 నాటి చట్టము ప్రకారము నమోదైనవారే ఆ పేరు పెట్టుకొనవలెను. మన ప్రభుత్వపు ఆయుష్ పద్ధతులలో నిది లేదు. కాన పలకను చూచి నమ్మక, ఎచ్చట నెన్నియేండ్లు చదివితిరని మర్యాదగా నడుగవలెను. మెడను తటాలున త్రిప్పుట, క్షౌరశాలలో "మెడ విరుచుట" మొదలగువానిచే అరుదుగా మెదడునకు రక్తము గొనిపోవు నాళము చీలి పక్షవాతము వచ్చును. నడుమునొప్పితో కాలు పట్టుతప్పినను, మూత్రము బంధించినను, కూర్చుండు తావు మొద్దువారినను, జ్వరము గాని కారణము లేని చిక్కుట గాని తోడైనను నొత్తించుకొనక అప్పుడే డాక్టరునకు చూపవలెను.

అమ్మలారా! కట్టు కట్టిన చేయి పగటితో తన యింటికి బోవును. రాత్రి బిడ్డ ప్రక్క మేలుకొనునది మనము. బిడ్డ యేడ్చినపుడు ఓర్చుకొమ్మని చెప్పుటకు ముందు దీపము తెచ్చి వ్రేళ్లు చూడుడు.