మీకు తెలుసా? రెండు ప్యారిస్‌ల చుట్టరికం!

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటాం కదా! ఫ్రాన్సులోని ప్యారిస్‌కీ మన ప్యారిస్‌కీ నాటకాల్లోనూ షోకుల్లోనూ కాక, ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఇలా దగ్గరికి రండి, చెబుతా!

1830 జులై. ప్యారిస్ జనం రాజు మీద తిరగబడ్డారు. మూడే మూడు రోజులు! గద్దె కదిలిపోయింది. ఆ పోరాటాన్ని ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్రువా బొమ్మగా వేశాడు. కాళ్ల కింద శవాలు, పక్కన పిస్తోళ్లు పట్టిన కుర్రాడు. జెండా ఎత్తి అందరికంటే ముందు నడుస్తున్నది ఎవరు? ఓ ఆడమనిషి! ఆమే స్వేచ్ఛ!

ఆ బొమ్మని ఎవరు కొన్నారనుకున్నారు? సాక్షాత్తూ ప్రభుత్వమే, 3,000 ఫ్రాంకులిచ్చి! కొని ఏం చేసింది? కొన్నాళ్లకే గోడ మీంచి దించి దాచేసింది! జనం చూస్తే మళ్లీ వీధికెక్కుతారని భయం. ఒక బొమ్మకి సర్కారు వణికింది!

అంతకు ముందే, 26 ఏళ్ల వయసులో దెలాక్రువా కియోస్ దీవి ఊచకోతను చిత్రించాడు. గ్రీకు స్వాతంత్ర్య పోరాటంలో బలైన తల్లులూ పిల్లలూ అందులో ఉంటారు. వింత ఏమిటంటే, ఆయన జీవితంలో గ్రీసు గడప తొక్కనే లేదు!

నన్నడిగితే, వీటన్నిటికంటే గొప్పది స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసినది. 1808 మే 3, మాడ్రిడ్‌లో కాల్చివేత. ఈసారి తుపాకులు పట్టింది ఫ్రెంచి సైనికులే! నేల మీద లాంతరు. తెల్లచొక్కా మనిషి చేతులు చాచి నిలబడ్డాడు. అతని కళ్లు చూడలేం. మరి కాల్చేవాళ్ల ముఖాలు? ఒక్కటీ కనబడదు!

అదే గోయా ఆ యుద్ధం బాధనంతా రాగిరేకుల మీద చెక్కాడు. 82 రేకులు! బతికుండగా అచ్చు వేయించలేదు. ఆయన పోయిన 35 ఏళ్లకి గానీ లోకం వాటిని చూడలేదు!

ఇక మన ప్యారిస్! ఇక్కడా జనం తిరగబడ్డారు, అదే చుట్టరికం! 1942 ఆగస్టు 12. క్విట్ ఇండియా పిలుపు వచ్చి నాలుగు రోజులే. తెనాలి రైల్వే స్టేషన్ తగలబడింది. పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు నేలకొరిగారు! ఇక్కడ గుర్తు నిలిపింది కాన్వాసు కాదు, స్తూపాలు. మనిషికొకటి చొప్పున ఏడు!

బాపట్ల నుంచి వచ్చినా, రేపల్లె బండి దిగినా, ఈసారి ఆ స్తూపాలున్న రణరంగ చౌక్ దాకా నడవండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. ఆ స్తూపాలను వాళ్ల చేతే లెక్కపెట్టించండి!