‘100% రీసైకిల్డ్ అల్యూమినియం’ అంటే ఏంటి? మీ పాత ఫోన్ మళ్లీ ఫోన్ అవుతుందా?

‘100 శాతం రీసైకిల్డ్ అల్యూమినియం బాడీ’. లాంచ్ ఈవెంట్లలో ఈ మాట మీరూ వినే ఉంటారు. 2018 మ్యాక్‌బుక్ ఎయిర్ అప్పుడు యాపిల్ కూడా ఇదే చెప్పింది. అంటే మనం పడేసిన ఫోన్లే కొత్త ల్యాప్‌టాప్‌లుగా తిరిగొస్తున్నాయా? అంత సింపుల్ కాదు.

కరిగించడం ఈజీనే

కొత్త అల్యూమినియం కోసం బాక్సైట్ నుంచి అల్యూమినా తీసి, దాదాపు 960 డిగ్రీల వేడి క్రయోలైట్‌లో కలిపి కరెంట్ పంపిస్తారు. 1886లో కనిపెట్టిన పద్ధతి ఇది. కిలోకి సుమారు 14 యూనిట్లు ఖర్చవుతుంది. ఆ కరెంట్‌తో 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ వారం పైనే ఆగకుండా తిరుగుతుంది. స్క్రాప్ అయితే 660 డిగ్రీలకే కరుగుతుంది. మొత్తంగా చూస్తే కొత్త లోహానికి పట్టే ఎనర్జీలో 5 శాతం చాలు.

చిక్కంతా కల్తీతోనే

ఫోన్ ఫ్రేమ్‌లో ఉండేది ఉత్త అల్యూమినియం కాదు, మిశ్రలోహం. 6000 సిరీస్‌లో మెగ్నీషియం, సిలికాన్ కలుస్తాయి. ఐఫోన్ 6ఎస్‌లో వాడిన 7000 సిరీస్‌లో జింక్ ముఖ్యం. వీటితో పాటు కారు ఇంజిన్ ముక్కలు, స్టీల్ స్క్రూలు ఒకే కొలిమిలో పడ్డాయనుకోండి. ఇనుము, రాగి అందులో కలిసిపోతాయి. మళ్లీ విడదీయడం చాలా కష్టం. పులుసులో ఉప్పు ఎక్కువైతే ఏం చేస్తాం? నీళ్లు పోస్తాం. ఇక్కడా అంతే, కొత్త అల్యూమినియం పోసి పలచన చేస్తారు.

ఇనుము ఎక్కువైతే లోహం పెళుసుగా మారుతుంది, అనోడైజింగ్‌లో ఫినిష్ కూడా చెడుతుంది. అందుకే కలగాపులగం స్క్రాప్ ఎక్కువగా ఇంజిన్ భాగాల పోతకే వెళ్తుంది. 2018 మ్యాక్‌బుక్ ఎయిర్‌కి వాడింది తయారీలో మిగిలిన అల్యూమినియం తురుము. అది ఏ రకమో ముందే తెలుసు కాబట్టి పని తేలికైంది.

ఏం మారుతోంది?

ఇప్పుడు ఎక్స్-రే, లేజర్ సెన్సర్లు ముక్క ముక్కనీ చూసి ఏ మిశ్రలోహమో గుర్తుపట్టి వేరుచేస్తున్నాయి. కరిగించాక ఆర్గాన్ బుడగలు పంపి హైడ్రోజన్‌ని బయటికి లాగుతారు, లేకపోతే పోతలో సన్నని రంధ్రాలు పడతాయి. సెరామిక్ ఫిల్టర్లు ఆక్సైడ్ చెత్తని ఆపుతాయి. యాపిల్ డైసీ రోబో గంటకు 200 ఐఫోన్లు విప్పగలదు. అలా వెనక్కి వచ్చిన ఫోన్ల అల్యూమినియాన్ని మ్యాక్‌బుక్ ఎయిర్‌కి వాడుతున్నామని 2019లో ఆ కంపెనీ చెప్పింది.

మనం చేయాల్సింది

ఇకపై ‘రీసైకిల్డ్’ అని కనిపిస్తే ఒక్క విషయం చూడండి: అది ఫ్యాక్టరీ తురుమా, జనం వాడిన వస్తువుల నుంచి వచ్చిందా? రెండూ మంచివే, కానీ మీ పాత ఫోన్‌కి దారి చూపేది రెండోదే. అలాగే ఆ ఫోన్‌ని పాత సామాన్ల బండిలో వేయకండి. డేటా చెరిపేసి, బ్రాండ్ ఎక్స్‌చేంజ్‌లో గానీ ఈ-వేస్ట్ సెంటర్‌లో గానీ ఇవ్వండి. విడిగా విప్పితేనే ఆ ఫ్రేమ్‌కి మళ్లీ ఫ్రేమ్ అయ్యే ఛాన్స్ ఉంటుంది.