వెతికితే దొరికే తెలుగు

లేఖిని తెరిచి ఇంగ్లిష్ మీటల మీద వై, పెద్ద ఏ, ఎల్, మళ్లీ పెద్ద ఏ, ఎల్ కొడితే ‘యాలాల్’ అని తెలుగులో పడుతుంది. 2006లో వీవెన్ తయారుచేసిన ఈ చిన్న పనిముట్టు తెలుగు బ్లాగులకు ఊపిరి పోసింది. 1999లో బ్లాగర్ అనే సేవ వచ్చాక, సొంతంగా సైటు కట్టడం చేతకానివాళ్లు కూడా లోకానికి కనిపించేలా రాయగలిగారు. మనకు మాత్రం అక్షరాల దగ్గరే అడ్డు పడింది. 1991 నాటికే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా, చాలా పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వారు వాడుకునేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వార్త పిచ్చిగీతల్లా కనిపించేది, వెతికితే దొరికేది కాదు. వెన్న నాగార్జున తయారుచేసిన ‘పద్మ’ అనే పనిముట్టు ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపింది. బ్లాగర్లు మొదటినుంచీ యూనికోడ్‌నే పట్టుకున్నారు. వాళ్ల కొత్త టపాలన్నీ ‘కూడలి’ అనే సైటులో ఒకచోట కనిపించేవి. కథలు, వంటలు, వాదాలు ఏవైనా కానీ, అచ్చుపత్రిక గడప తొక్కకుండానే పాఠకుణ్ని చేరాయి. తెలుగును వెతికితే దొరికే భాషగా మార్చడంలో వాళ్ల వాటా పెద్దది.

రాసింది ఎక్కువగా కంప్యూటర్ అందుబాటులో ఉన్న చదువుకున్నవాళ్లే కదా, ఊళ్లకేం ఒరిగిందని అడగొచ్చు. నిజమే, కన్నడ సరిహద్దున ఉన్న తాండూరు వైపు మాట ఆ రాతల్లోకి రావడానికి దారి సన్నం. కానీ వేసిన బాట వెనక వచ్చేవాళ్లకూ పనికొస్తుంది. ఫోన్లలో తెలుగు కీబోర్డు ఎలాగూ వచ్చేదే అనేవాళ్లూ ఉన్నారు. కానీ 1991 తర్వాత ఎన్నో ఏళ్లు యూనికోడ్‌లో తెలుగు ఉండీ వాడుకలోకి రాలేదు. మీట ఉన్నంత మాత్రాన రాత పుట్టదు, రాసే అలవాటు కావాలి. ఆ అలవాటు చేసినవాళ్లలో బ్లాగర్లు ముందున్నారు.

ఫేస్‌బుక్, వాట్సాప్ వచ్చాక బ్లాగుల పని అయిపోయిందనడం తొందరపాటు. ఒక ఉదాహరణ చూద్దాం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎండు తెగులు నుంచి కంది చేనునెలా కాపాడుకున్నాడో తాండూరు దగ్గరి యాలాల్ రైతు ఒకతను వాట్సాప్ గ్రూపులో రాశాడనుకుందాం. మర్నాటికల్లా అది శుభోదయాల కింద పడిపోతుంది, గ్రూపు బయటివాళ్లకు అసలే అందదు. అదే బ్లాగులో రాస్తే, వచ్చే ఖరీఫ్‌లో ఆ దగ్గర్లోని బషీరాబాద్ రైతు వెతికి పట్టుకోగలడు. తప్పుంటే కిందనే చెప్పి సరిదిద్దనూగలడు.